చెవి కింద గడ్డ ఆపరేషన్, ఆ తర్వాత ఎనిమిది నెలలు: నా రివ్యూ

చెవి కింద గడ్డ తీయించుకుని మొన్నటికి ఎనిమిది నెలలైంది. ఇన్నాళ్ళు ఆగి ఎందుకు రాస్తున్నానంటే, డిశ్చార్జ్ అయిన రోజే రాసి ఉంటే కళ్ళు మూసుకుని ఐదు స్టార్లు ఇచ్చేసేదాన్ని, నాలుగో రాత్రి రాసి ఉంటే ఒక్క స్టారు కూడా ఇచ్చేదాన్ని కాదు, రెండూ తప్పే అయ్యేవి. హాస్పిటల్ పేరు, డాక్టర్‌గారి పేరు రాయట్లేదు. ఆపరేషన్ చేసిన చెయ్యి బంగారం. లోపమంతా ఆ తర్వాత పేషెంట్‌ని చూసుకునే పద్ధతిలో ఉంది, అది ఆ ఒక్క చోటే ఉందని కూడా నేననుకోవట్లేదు. ఇలాంటి ఆపరేషన్‌కి రెడీ అవుతున్నవాళ్ళు భయంతో రాత్రిపూట ఫోన్‌లో వెతుక్కుంటూ ఉంటారు కదా, నేనూ అలాగే వెతికా, అలాంటివాళ్ళకి నాకెవరూ ముందు చెప్పని సంగతులు తెలియాలని రాస్తున్నా. కొంచెం పొడుగుంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు గడ్డ సంగతి. ఎడమ చెవి తమ్మె కింద, దవడ ఎముక మలుపు తిరిగే చోటికి కాస్త వెనగ్గా, గోలీకాయంత ఉండేది. నొప్పి లేదు, ఎరుపు లేదు, జ్వరం లేదు, వేలితో నొక్కితే కొంచెం జరిగేది. ఒకరోజు తల దువ్వుకుంటుంటే చేతికి తగిలింది. పంటి ఇన్ఫెక్షన్ వల్ల బిళ్ళ కట్టిందేమో, అదే తగ్గిపోతుందిలే అనుకుని దాదాపు రెండేళ్ళు వదిలేశా. నొప్పి లేకపోతే జబ్బు లేదనుకుంటాం, నా విషయంలో జరిగిన తప్పు అదే. మా అక్క వచ్చినప్పుడు పక్కన కూర్చుని "ఏమే, ఈ వైపు దవడ కింద అంత నిండుగా ఉందేంటి, అద్దంలో చూసుకోవా నువ్వు" అని చెయ్యి పట్టుకుని ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. అల్ట్రాసౌండ్, నీడిల్ టెస్ట్, ఎమ్మారై అన్నీ అయ్యాయి. రిపోర్టులో ప్లియోమార్ఫిక్ అడినోమా అని వచ్చింది. మనం మెడ మీద గడ్డ అంటాం గానీ నిజానికి అది ఉమ్మి తయారుచేసే గ్రంథిలో వచ్చిన గడ్డ. చెవి ముందు నుంచి చెవి కిందకి పరుచుకుని పెరోటిడ్ అనే పెద్ద గ్రంథి ఉంటుంది, దాని తోక లాంటి భాగం మెడలోకి దిగుతుంది, నాది సరిగ్గా ఆ తోకలో. లాలాజల గ్రంథుల్లో వచ్చే గడ్డల్లో అన్నిటికంటే ఎక్కువ కనపడేది ఈ రకమేనట, కాన్సర్ కాదు.

కాన్సర్ కాకపోతే ఎందుకు తీయడం, ఉండనిద్దాం అనే నేనూ అన్నా. డాక్టర్‌గారు విసుక్కోకుండా చెప్పారు. ఇది దానంతటది కరిగిపోదు, మందులకి తగ్గదు, మెల్లగా పెరుగుతూనే ఉంటుంది, ఏళ్ళ తరబడి వదిలేస్తే కొద్దిమందిలో కాన్సర్‌గా మారే ప్రమాదం కూడా ఉంది. పైగా చిన్నగా ఉన్నప్పుడు తీయడం తేలిక. ఇంకో ముఖ్యమైన మాట చెప్పారు, బఠానీ గింజని తొక్కలోంచి నొక్కి తీసినట్టు గడ్డ ఒక్కదాన్నే తీయకూడదట. దాని చుట్టూ ఉండే పల్చటి పొర అక్కడక్కడా తెగి ఉంటుంది, ఒక్క ముక్క లోపల మిగిలినా మళ్ళీ ఒకటికి నాలుగు గడ్డలు పుట్టుకొస్తాయి. పూర్వం అలాగే తీసేవాళ్ళు, చాలామందికి తిరిగొచ్చేది. అందుకే చుట్టూ మంచి కండ కొంత కలిపి మొత్తంగా తీస్తారు. ఇదంతా ఎవరైనా ఇంత విడమరిచి చెప్తే సగం ధైర్యం అక్కడే వస్తుంది.

అసలు భయం గడ్డ గురించి కాదు, నరం గురించి. మొహాన్ని కదిలించే నరం సరిగ్గా ఈ గ్రంథి మధ్యలోంచే పోతుంది. డాక్టర్‌గారు తెల్ల కాగితం మీద నా మొహం గీసి, చెవి దగ్గర్నుంచి అరచెయ్యి చాపినట్టు ఐదు కొమ్మలు గీశారు. నుదురుకొకటి, కంటికొకటి, బుగ్గకొకటి, కింది పెదవికొకటి, మెడకొకటి. గడ్డ ఉన్న చోటుకి పెదవి కొమ్మ చాలా దగ్గర. ఆపరేషన్ టైంలో నర్వ్ మానిటర్ పెడతారు, మొహం కండరాల్లో సన్నటి సూదులు గుచ్చి ఉంచుతారు, నరం దగ్గరికి పరికరం వస్తే మెషీన్ మోగుతుంది. అందుకని కండరాలు పూర్తిగా పడిపోయే మత్తుమందు ఆ టైంలో పనిచెయ్యకుండా మత్తు డాక్టర్ చూసుకుంటారు, లేకపోతే మెషీన్‌కి ఏమీ తెలీదు. మీరు వెళ్ళే చోట నర్వ్ మానిటర్ ఉందా అని తప్పకుండా అడగండి. అది ఉంటే ప్రమాదమే ఉండదని కాదు, ఇలాంటి ఆపరేషన్లు తరచుగా చేసే చోటని ఒక గుర్తు. ఇంతవరకు నేను పెట్టే మార్కులు నూటికి నూరు.

ఆపరేషన్ రెండున్నర గంటలు. చెవి ముందు మొదలుపెట్టి, తమ్మె కింద నుంచి తిప్పి మెడ ముడతలోకి కోత పెట్టారు. మెలకువ వచ్చేసరికి గొంతు ఎండిపోయింది, మెడ పక్కన ట్యూబు, దాని చివర నొక్కిపెట్టిన ప్లాస్టిక్ డబ్బా. డాక్టర్‌గారు వచ్చి "నుదురు పైకెత్తమ్మా, కళ్ళు గట్టిగా ముయ్యి, బుగ్గలు పూరించు, ఇప్పుడు పళ్ళు చూపించు" అన్నారు. నేను చూపించా. ఆయన మొహంలో ఏం మార్పు లేదు గానీ వెనక నిలబడ్డ మా ఆయన మొహంలో మార్పు వచ్చింది. ఎడమవైపు కింది పెదవి కిందకి దిగలేదు. "నరం తెగలేదు, చక్కగా ఉంది, కాస్త సాగింది అంతే, వచ్చేస్తుంది" అని భుజం తట్టి ఇంకో కేసుకి వెళ్ళిపోయారు. ఎన్నాళ్ళకి వస్తుంది, అందాకా ఏం చెయ్యాలి, ఆ రెండు ముక్కలు చెప్పలేదు. అడిగే స్థితిలో నేను లేను.

వార్డులో సిస్టర్ల గురించి మాత్రం మంచిగానే రాయాలి. డ్రెయిన్ డబ్బాలో ఎంత ఎర్రనీళ్ళు చేరాయో పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి కొలిచి రాసేవాళ్ళు. మొదటి రోజు 45 ఎంఎల్, రెండో రోజుకి 20. రోజుకి 30 లోపు వస్తేనే తీస్తాం అన్నారు, అలాగే తీశారు. ట్యూబు లాగేటప్పుడు నొప్పి కాదు గానీ చర్మం కింద పాము జరిగినట్టు ఉంటుంది, ఊపిరి వదులుతూ ఉండమని సిస్టర్ చెప్పింది, అలా చేస్తే నిజంగానే తేలిగ్గా వచ్చేసింది. తలవైపు మంచం ఎత్తి పడుకోబెట్టారు, వాపు దిగడానికి. నొప్పి నేననుకున్నంత లేదు, మామూలు మాత్రలతోనే సరిపోయింది. రెండో రోజు సాయంత్రం ఇంటికి పంపేశారు.

ఇక్కడి నుంచే నా కంప్లైంట్ మొదలు. చేతిలో పెట్టిన డిశ్చార్జ్ సమ్మరీ మూడు పేజీలు. రెండు పేజీలు ఆపరేషన్ ఎలా చేశారో డాక్టర్లకి అర్థమయ్యే భాషలో ఉంది. మూడో పేజీలో మాత్రల పేర్లు, కింద ఏడు రోజుల తర్వాత కుట్లు తీయడానికి రమ్మని ఒక లైను, ఇంకా కింద ఒక ఫోన్ నంబరు. చెవి మొద్దుబారుతుందని లేదు, పెదవి గురించి లేదు, తింటే వాపు రావచ్చని లేదు, ఏది మామూలు ఏది ప్రమాదం అని ఒక్క లైను లేదు. పేపర్లు ఇచ్చిన అబ్బాయిని "ఇంకేమైనా జాగ్రత్తలు ఉన్నాయా బాబూ" అని మా అక్క అడిగితే "అన్నీ అందులో రాసుంటాయి మేడమ్" అన్నాడు.

నాలుగో రాత్రి. అప్పటిదాకా గంజిలాంటివే తాగిన నేను ఆ రోజు కాస్త నమిలి తినే భోజనం, అందులో పుల్లటి కూర, మొదటిసారి కడుపునిండా తిన్నా. తింటుంటేనే చెవి కింద బిగుసుకుంటున్నట్టు అనిపించింది. పడుకున్నా. అర్ధరాత్రి చెంప కింద చల్లగా తగిలి లేచి లైటు వేసి చూస్తే దిండు గలీబు మీద అరచెయ్యంత తడి. రక్తం కాదు, నీళ్ళలా తేటగా ఉంది, వేళ్ళ మధ్య పట్టుకుంటే కాస్త జిగురు. అద్దంలో చూసుకుంటే కుట్ల కింద కోడిగుడ్డంత ఉబ్బు, కింది కుట్టు దగ్గర్నుంచి బొట్టు బొట్టుగా కారుతోంది. నా గుండె ఆగినంత పనైంది. కుట్లు విడిపోయాయా, నరం మీద ఏదైనా పడిందా, గడ్డ మళ్ళీ వచ్చేసిందా, అన్నీ ఒకేసారి.

పేపర్లో ఉన్న నంబరుకి మా ఆయన ఫోన్ చేశారు. రిసెప్షన్ ఎత్తింది, బిల్లింగ్‌కి కలిపింది, అక్కడ ఎవరూ లేరు, మళ్ళీ చేస్తే ఈసారి ఎవరో నైట్ డ్యూటీ అతను "డిశ్చార్జ్ అయిపోయారు కదండీ, ఎమర్జెన్సీ అనిపిస్తే క్యాజువాలిటీకి రండి, లేకపోతే పొద్దున ఓపీలో డాక్టర్‌గారిని కలవండి" అని పెట్టేశాడు. ఎమర్జెన్సీనో కాదో మాకెలా తెలుస్తుంది చెప్పండి, తెలిస్తే ఫోనెందుకు చేస్తాం. తర్వాత ఆలోచిస్తే అనిపించింది, ఆ ఫోన్ ఎత్తినవాళ్ళు మూడే మూడు ప్రశ్నలు అడిగి ఉంటే సరిపోయేది. వచ్చేది రక్తమా తేట నీళ్ళా? వాపు నిమిష నిమిషానికి పెరుగుతోందా, ఊపిరికి గానీ మింగడానికి గానీ ఇబ్బందిగా ఉందా? జ్వరం, చీము, వాసన ఉన్నాయా? మెడ ఆపరేషన్ తర్వాత లోపల రక్తం చేరి వాపు గబగబా పెరిగి ఊపిరి ఆడకపోతే అది ఒక్క నిమిషం కూడా ఆగకూడని ఎమర్జెన్సీ, అది నిజం. నాకవేవీ లేవు. ఆ మూడింటికీ కాదు అని చెప్పగలిగి ఉంటే ఆ రాత్రి ఇంటిల్లిపాదీ తెల్లారేదాకా కూర్చునే పని ఉండేది కాదు. మా అబ్బాయి పొద్దున పరీక్ష పెట్టుకుని నా పక్కన మంచం మీద కూర్చుని ఉబ్బు చుట్టూ పెన్నుతో గీత గీసి గంట గంటకీ చూశాడు, గీత దాటుతోందా లేదా అని. ఆ ఆలోచన వాడికెలా వచ్చిందో గానీ, పెద్దవాళ్ళకి రాలేదు.

పొద్దున ఓపీలో డాక్టర్‌గారు చేత్తో తడిమి చూసి, సిరంజితో గుచ్చి లాగారు. 12 ఎంఎల్, తేటగా. లాలాజలం! గ్రంథిలో మిగిలిన భాగం ఎప్పటిలాగే ఉమ్మి తయారుచేస్తుంది, కోసిన అంచు ఇంకా మూసుకోలేదు కాబట్టి ఆ ఉమ్మి బయటికి దారి లేక చర్మం కింద చేరుతుంది, తిన్నప్పుడు, అందులోనూ పులుపు తగిలినప్పుడు ఎక్కువ. దీన్ని సయలోసీల్ అంటారట. గట్టిగా కట్టు కట్టి, పది రోజులు పులుపు మానెయ్యమని, మెత్తటివే తినమని చెప్పారు. అంతా కలిపి పది నిమిషాలు. "ఇది మామూలేనమ్మా, కొంతమందికి వస్తుంది, రెండు మూడుసార్లు లాగితే ఆగిపోతుంది" అన్నారు. నేను ఉండబట్టలేక "మామూలైతే ముందే ఒక్క మాట చెప్పొచ్చు కదండీ, రాత్రంతా చచ్చిపోయాం" అన్నా. ఆయన ఒక్క క్షణం ఆగి "నిజమే, చెప్పాల్సింది" అన్నారు. సాకులు చెప్పలేదు. అందుకే ఆయన మీద నాకు గౌరవం తగ్గలేదు. ఇంకో రెండుసార్లు లాగించుకున్నా, మూడో వారానికి పూర్తిగా ఆగిపోయింది. కుట్లు తొమ్మిదో రోజు తీశారు.

బయాప్సీ ఫైనల్ రిపోర్ట్ కోసం ఎదురుచూసిన పది రోజులు ఎలా గడిచాయో రాయడం నావల్ల కాదు. నీడిల్ టెస్ట్‌లో కాన్సర్ కాదని వచ్చినా మొత్తం గడ్డని కోసి చూస్తేనే ఖాయంగా చెప్తారు. కాదనే వచ్చింది, అంచులు శుభ్రంగా ఉన్నాయని రాశారు. అది చదివి మా అమ్మ ఏడ్చింది.

ఇక పెదవి. నేను పిల్లలకి పాఠాలు చెప్పే మనిషిని. రోజంతా మాటే నా పని. మామూలుగా ఉంటే ఏం తెలీదు, నవ్వితేనో గట్టిగా మాట్లాడితేనో మూతి ఒక పక్కకి పోయినట్టు ఉండేది. నీళ్ళు తాగితే ఎడమ మూల నుంచి గడ్డం మీదకి కారేది. గ్లాసు వంచే ప్రతిసారీ రెండో చెయ్యి రుమాలుతో గడ్డం దగ్గరే. మూడు వారాల సెలవయ్యాక క్లాసుకి వెళ్ళా. రెండో తరగతి పిల్ల ఒకతి "టీచర్, మీకు నొప్పిగా ఉందా, అలా నవ్వుతున్నారు" అంది. నొప్పి లేదమ్మా, పెదవికి దెబ్బ తగిలింది, మెల్లగా తగ్గుతుంది అని చెప్పా. ఆ తర్వాత ఇంకెవరూ అడగలేదు, పిల్లలకి నిజం చెప్తే చాలు.

ఈ మొత్తంలో నేను ఐదు స్టార్లు మనసారా ఇచ్చే సర్వీస్ ఒకటుంది, ఫిజియోథెరపీ. అది కూడా హాస్పిటల్ వాళ్ళు పంపలేదు, ఐదో వారంలో నేనే అడిగితే "కావాలంటే చూపించుకోండి" అన్నారు. ఆ అమ్మాయికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మొదటి రోజు నా మొహం మీద చెయ్యి వేయలేదు, ముందు కూర్చోబెట్టి అరగంట మాట్లాడింది. సాగిన నరం కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో తిరిగొస్తుంది, ముందు వణుకులా చిన్న కదలిక వస్తుంది, అది రోజూ ఉండదు, అలిసిపోయిన రోజు తగ్గినట్టు కనపడుతుంది, అప్పుడు కంగారు పడొద్దు అక్కా, అని చెప్పింది. అన్నీ అదే వరసలో జరిగాయి. ఎక్సర్‌సైజులు కూడా నేననుకున్నట్టు మొహం బిగించి గట్టిగా లాగడం కాదు. అద్దం ముందు కూర్చుని, రెండు వైపులా సమానంగా వచ్చేంత మేరకే, చాలా చిన్నగా నవ్వాలి. బాగున్న వైపు ముందు పరిగెత్తితే దాన్ని వేలితో ఆపాలి, మంచి వైపుని ఆపడమే సగం ఎక్సర్‌సైజట. పూటకి ఐదు నిమిషాలు, రోజుకి మూడు పూటలు. పావు, బావ, మామ, పాప అని నిదానంగా అద్దంలో చూసుకుంటూ పలకడం. మెడకి కూడా నేర్పింది, కుట్ల భయంతో నేను నెలరోజులు తల తిప్పకుండా భుజంతో సహా తిరిగేదాన్ని, దాంతో మెడ కర్రలా బిగుసుకుపోయింది, గడ్డం భుజం వైపు మెల్లగా తిప్పి పదంకెలు లెక్కపెట్టి వదలడం, అంతే, రెండు వారాల్లో వదులైంది.

ఆరో వారం చివర్లో ఒకరోజు పొద్దున పళ్ళు తోముకుని నీళ్ళు పుక్కిలిస్తే ఒక్క చుక్క కూడా గడ్డం మీదకి కారలేదు. అలాగే నోట్లో నీళ్ళు పెట్టుకుని మా ఆయన దగ్గరికి పరిగెత్తా చూపించడానికి. మూడున్నర నెలలకి పూర్తిగా వచ్చేసింది, ఇప్పుడు ఫోటోలో చూసినా ఎవరూ చెప్పలేరు.

చెవి మాత్రం వేరే కథ. చెవి తమ్మెకి స్పర్శ ఇచ్చే నరం మెడ పక్కనుంచి పైకి వస్తుంది, సరిగ్గా గడ్డకి వెళ్ళే దారిలో ఉంటుంది, చాలాసార్లు దాన్ని మొత్తంగానో కొంతగానో తెంచక తప్పదు. మొహం నరంలా దీనివల్ల కదలికకి ఏం కాదు, అందుకే డాక్టర్లకి చిన్న విషయంలా కనపడుతుందేమో. కానీ రోజూ ఆ చెవితో బతికేది మనం. ఫోన్ చెవికి పెట్టుకుంటే అట్టముక్క మీద పెట్టినట్టు ఉండేది. దిండు మీద ఆ వైపు పడుకుంటే ఎవరిదో చెవి నాకు అతికించినట్టు. రెండో నెలలో పెళ్ళికని కమ్మలు పెట్టుకుంటూ రంధ్రం దొరక్క అటూ ఇటూ గుచ్చుకున్నా, వేలికి తడి తగిలి చూసుకుంటే రక్తం, అప్పటిదాకా ఏమీ తెలీలేదు. జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్, వేడి కాపడం ఆ వైపు అస్సలు వద్దు, కాలినా తెలీదు. నాలుగో నెల నుంచి చీమలు పాకినట్టు, అప్పుడప్పుడు సన్నటి షాక్ కొట్టినట్టు మొదలైంది. నరం రోజుకి దాదాపు ఒక మిల్లీమీటర్ చొప్పున పెరుగుతూ వస్తుందని ఫిజియో అమ్మాయి చెప్పాక ఆ షాకులు కూడా నాకు శుభవార్తల్లా అనిపించాయి.

వస్తువుల్లో ముఖ్యంగా రాయాల్సింది సిలికాన్ షీట్ గురించి, మచ్చ తగ్గడానికి దాని మీద అంటించుకునేది. గాయం పూర్తిగా మూసుకుని పొక్కు రాలిపోయాకే మొదలుపెట్టాలి, నేను మూడో వారం తర్వాత మొదలుపెట్టా. రోజుకి కనీసం 12 గంటలు, రెండు మూడు నెలలు వాడాలి. చేతి మీదో పొట్ట మీదో అయితే బాగా అతుక్కుంటుందేమో, మెడ దగ్గర చెమటకి, తల తిప్పడానికి మధ్యాహ్నానికే అంచు లేచిపోతుంది. పగలు సిలికాన్ జెల్ పల్చగా రాసుకుని, రాత్రి షీట్ అంటించుకోవడం అనేది నాకు కుదిరిన పద్ధతి. చెవి చుట్టూ ఉండే మలుపుకి షీట్‌ని కత్తెరతో సన్నటి ముక్కలుగా కత్తిరించుకోవాలి, ఒకటే పొడుగు ముక్క అంటించాలని చూస్తే ముడతలు పడుతుంది. సబ్బునీళ్ళతో కడిగి ఆరబెడితే మళ్ళీ అంటుకుంటుంది, పారెయ్యకండి. ఎండలోకి వెళ్తే మచ్చ మీద సన్‌స్క్రీన్ తప్పనిసరి, లేకపోతే నల్లబడి అలాగే ఉండిపోతుంది. ఇప్పుడు మెడ ముడతలో ఉన్న భాగం వెతికితే గానీ కనపడదు, తమ్మె కింద మాత్రం కాస్త గట్టిగా, గులాబీ రంగులో ఉంది, మచ్చ పూర్తిగా నిమ్మళించడానికి ఏడాది పైనే పడుతుందట.

ఏటవాలు దిండు కూడా కొన్నా, మొదటి రెండు వారాలు బాగా పనికొచ్చింది, మూడు మామూలు దిండ్లు మెట్లుగా పేర్చుకున్నా పర్లేదు. ముందు గుండీలుండే బట్టలు రెడీ పెట్టుకోండి, తల మీంచి వేసుకునేవి పది రోజులు కుదరవు.

మూడో నెల చెకప్‌లో డాక్టర్‌గారు నేనడక్కుండానే ఒక మాట చెప్పారు, బహుశా ఆ నాలుగో రాత్రి సంగతి గుర్తుండే అనుకుంటా. కొన్ని నెలల తర్వాత తినేటప్పుడు చెవి ముందు చర్మం ఎర్రబడి చెమట పట్టొచ్చు అన్నారు. లాలాజల గ్రంథికి వెళ్ళాల్సిన సన్నటి నరాలు తెగాక మళ్ళీ పెరుగుతూ దారి తప్పి చర్మంలోని చెమట గ్రంథులకి అతుక్కుంటాయట, అప్పుడు నోరూరాల్సిన సిగ్నల్‌కి చెంప మీద చెమట ఊరుతుంది. లూసీ ఫ్రే అని పోలండ్ న్యూరాలజిస్ట్, ఆవిడ 1923లో దీని గురించి రాశారట, అందుకే ఫ్రే సిండ్రోమ్ అంటారు. ఏడో నెలలో, సరిగ్గా అలాగే, భోజనం మధ్యలో చెవి ముందు నుంచి దవడ దాకా సన్నటి చెమట గీత. మా అక్క ఎదురుగా కూర్చుని "అదేంటే" అని కంగారు పడింది. నేను రుమాలుతో తుడుచుకుని ఇది ఫలానా అని చెప్పి అన్నం తినడం కంటిన్యూ చేశా. ఉమ్మి కారినప్పుడు రాత్రంతా వణికిన మనిషినే నేను, ఇదీ అలాంటిదే, ఒక రకంగా చూడ్డానికి ఇంకా విచిత్రమైంది, అయినా భయం వెయ్యలేదు. తేడా అల్లా ముందే ఒక్క మాట చెప్పారు, అంతే. ఎక్కువైతే చెమట తగ్గించే రోల్ ఆన్ రాసుకోవచ్చు, మరీ ఇబ్బందైతే బొటాక్స్ ఇంజెక్షన్లు ఉన్నాయి, కొన్ని నెలలు పనిచేస్తాయన్నారు. నాకు రుమాలు సరిపోతోంది.

కాబట్టి మార్కులు ఇలా: ఆపరేషన్‌కి ఐదుకి ఐదు. వార్డు సిస్టర్లకి ఐదు. డిశ్చార్జ్ చేసిన తీరుకి, రాత్రి ఫోన్‌కి ఒకటి, ఆ ఒకటి కూడా ఫోన్ ఎత్తినందుకు. ఫిజియోకి పదిచ్చినా తక్కువే. మీరు వెళ్ళే చోట అడ్మిట్ అవకముందే అడగండి, రాత్రి ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఆ ఎత్తే మనిషి నర్సా డాక్టరా, చెవి మొద్దు ఎన్నాళ్ళుంటుంది, పెదవి ఇలా అయితే ఫిజియోకి ఎప్పుడు పంపుతారు, తిన్నప్పుడు వాపు వస్తే ఏం చెయ్యాలి. కాగితం మీద రాయించుకోండి. సిగ్గుపడకండి, వాళ్ళకి రోజూ చూసే సంగతులు కాబట్టి చెప్పడం మర్చిపోతారు, మనకి మొదటిసారి. నేను హాస్పిటల్‌కి కూడా ఇదే రెండు పేజీలు రాసిచ్చా. తీసుకున్నారు, జవాబైతే ఇంకా రాలేదు.

ఈ గడ్డ ఏళ్ళు గడిచాక కూడా తిరిగొచ్చే రకం కాబట్టి ఏడాదికోసారి చూపించుకోవాలి, నేను కాలెండర్‌లో పెట్టుకున్నా. ప్రస్తుతానికి చెవి పైభాగం, వెనక భాగం స్పర్శ వచ్చేసింది, నిన్న దువ్వెన పన్ను తగిలితే చురుక్కుమంది. తమ్మె ఇంకా మొద్దుగానే ఉంది. కమ్మలు ఇప్పటికీ అద్దం దగ్గర మా అక్కే పెడుతోంది. ఏడాది చెకప్ అయ్యాక ఇక్కడే కింద మళ్ళీ రాస్తా.